కోసేసిన అర మార్కు

సంక్రాంతికి రెండు రోజుల ముందు సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఉన్నాను. వెనక నుంచి "మాస్టారూ, గుర్తుపట్టారాండీ" అని వినిపించింది. గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక మాత్రం ఏ బెంచీలో కూర్చునేదో కూడా జ్ఞాపకం వచ్చింది. ఇంటర్లో నా దగ్గర చదివిన అమ్మాయి. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాదిన ఫిజిక్సులో పరిశోధన చేస్తోందట. అమ్మా నాన్నా బాగున్నారా, పండక్కి ఎన్నాళ్ళుంటావు అనే మాటలు అయ్యాక, "మీరు నాకు అర మార్కు బాకీ ఉన్నారండీ" అంది నవ్వుతూ.

ఆ బాకీ సంగతి ఇది. ఓ ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో నేనొక రెండు మార్కుల ప్రశ్న ఇచ్చాను. "ఏకరీతి అయస్కాంత క్షేత్రంలో స్థిర వేగంతో కదిలే విద్యుత్ ద్విధ్రువం మీద ఫలిత బలం ఎంత? కారణం రాయండి." ద్విధ్రువం అంటే కాస్త ఎడంగా ఉన్న సమానమైన ప్లస్, మైనస్ ఆవేశాల జంట. నాకు కావలసిన జవాబు రెండు లైన్లు. ప్లస్ ఆవేశాన్ని క్షేత్రం ఎంత బలంతో ఒక పక్కకు తోస్తుందో, మైనస్ ఆవేశాన్ని అంతే బలంతో ఎదురు పక్కకు తోస్తుంది. కాబట్టి సున్నా. ఈ అమ్మాయి ఆ రెండు లైన్లూ రాసి, కింద ఇంకో రెండు చేర్చింది: "బలాలు రెండూ వేర్వేరు చోట్ల పనిచేస్తున్నాయి కనక టార్క్ ఉంటుంది. అందుచేత క్షేత్రం ద్విధ్రువాన్ని ఏమీ చేయలేదని చెప్పలేం." టార్క్ అంటే ద్విధ్రువాన్ని తిప్పే ప్రభావం. అడగనిది రాసిందని ఎర్ర ఇంకుతో అర మార్కు కోసేశాను. పైగా క్లాసులో పేపర్లు ఇచ్చేటప్పుడు, "సున్నా అంటే సున్నాయేనమ్మా, దాని పక్కన కథలొద్దు" అన్నానట. ఆ మాట నాకు గుర్తు లేదు. తనకు గుర్తుంది.

పంటు వచ్చింది. బైకులూ ఆటోలూ ఎక్కాక మేమూ ఎక్కి రెయిలింగు పక్కన నిలబడ్డాం. తను బ్యాగులోంచి నాలుగు కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. ఫ్రాన్సులో తులూజ్ నగరంలో 2012లో జరిగిన ఒక ప్రయోగం తాలూకు పత్రం అది. అయస్కాంత క్షేత్రంలో కదులుతున్న ద్విధ్రువానికి బలం తగలకుండానే ఏం జరుగుతుందో కొలిచి చూపించారు అందులో. వశిష్ఠ గోదావరి దాటేలోపు తను చెప్పింది కొంత, ఆ తర్వాత పది రోజులు నేను కుస్తీ పట్టింది కొంత. ఆ రెండూ కలిపి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం పిల్లలకు "బలం సున్నా" అని చెప్పే ఊపులోనే "కాబట్టి ఏమీ జరగదు" అని కూడా చెప్పేస్తున్నాం. మొదటిది లెక్క. రెండోది మన నోటి అలవాటు.

ఒకే ఇంటి మూడో పిల్ల

ఆహరోనోవ్, బోమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లో చెప్పిన విషయం ఈ బ్లాగు చదివే చాలామందికి తెలుసు. అయస్కాంత క్షేత్రమంతా ఒక తీగచుట్ట లోపలే బంధించి ఉన్నా, దానికి అటొక దారి ఇటొక దారి వెళ్ళిన ఎలక్ట్రాను తరంగం మళ్ళీ కలిసినప్పుడు తేడా కనిపిస్తుంది. ఎలక్ట్రాను ఆ క్షేత్రాన్ని ముట్టుకోనే లేదు. ఎహ్రెన్‌బెర్గ్, సైడే అనే ఇద్దరు 1949లోనే ఈ మాట రాశారు గానీ అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1986లో జపాన్‌లో తొనొమురా బృందం చిన్న ఉంగరం లాంటి అయస్కాంతాన్ని అతివాహకంతో కప్పి, క్షేత్రం బయటికి రాకుండా చేసి మరీ చూపించాక నోళ్ళు చాలావరకు మూతపడ్డాయి.

1984లో ఆహరోనోవే, కాషర్‌తో కలిసి, పాత్రలు తారుమారు చేశాడు. ఆవేశం కదలడం కాదు, ఆవేశం చుట్టూ చిన్న అయస్కాంతం కదిలితే? న్యూట్రానుకు ఆవేశం లేదు గానీ అయస్కాంతత్వం ఉంది. 1989లో మిస్సోరీ విశ్వవిద్యాలయం రియాక్టరు దగ్గర న్యూట్రాన్లతో ప్రయోగం చేశారు. రెండు దారుల తరంగాల మధ్య తేడా 1.52 మిల్లీరేడియన్లు (రేడియన్ అనే కోణం కొలతలో వెయ్యో వంతులు) రావాలని సిద్ధాంతం అంటే, వచ్చింది 2.19, అటూ ఇటూ 0.52. అంత గొప్ప అతుకుడేం కాదు, కానీ సున్నా మాత్రం కాదు.

మూడోదే మన కథ. అన్నిచోట్లా విద్యుత్తును అయస్కాంతంగా, అయస్కాంతాన్ని విద్యుత్తుగా మార్చేస్తే విద్యుత్ ద్విధ్రువం అయస్కాంత ఆవేశాల వరస చుట్టూ తిరగాలి. మెల్‌బోర్న్‌లో హే, మెకెల్లర్ 1993లో దీన్ని రాశారు. అయస్కాంత ఆవేశం అంటే జంట లేని ఒంటరి ధ్రువం. చిక్కల్లా ఒంటరి ఉత్తర ధ్రువాన్ని ఇప్పటిదాకా చూసినవాడు లేడు. మరుసటి ఏడు విల్కెన్స్ అనే ఆయన ఇంకో దారిన అక్కడికే వచ్చాడు. అయస్కాంత క్షేత్రంలో కదిలే ద్విధ్రువానికి సమీకరణంలో ఎప్పటినుంచో తెలిసిన ఒక పదం (టర్మ్) ఉంది, దానికి రాంట్‌జెన్ పేరే ఉంది. ఎక్స్ కిరణాల రాంట్‌జెనే. వాటికి ఏడేళ్ళ ముందు, 1888లో, విద్యుత్ క్షేత్రంలో తిరిగే బంధక పదార్థం అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని చూపించాడు. ఆ పాత పదాన్ని క్వాంటం లెక్కలో పెడితే తరంగం ఫేజు మారుతుందని విల్కెన్స్ తేల్చాడు. ముగ్గురి పేర్లూ కలిపి హే–మెకెల్లర్–విల్కెన్స్ ఫేజు అంటున్నారు. ఫేజు అంటే తరంగం తన ఎత్తుపల్లాల్లో ఎక్కడుందో చెప్పే కొలత. తెలుగు పుస్తకాల్లో ఫేజును దశ అంటారు. మా వైపు దశ అంటే శని దశే ముందు గుర్తొస్తుంది కాబట్టి నేను ఫేజు అనే అంటాను.

అమ్మ లేసు

దీన్ని ఎలా వివరించాలా అని మొదట నాకు తట్టింది గోదావరే. లంకకు అటొక పాయ, ఇటొక పాయ, రెండు నావలు, కింద కలిసేచోట తేడా. రెండు రోజులు ఆ ఉపమానంతో తెగ సంబరపడి, మూడో రోజు చించేశాను. ప్రవాహం వడి వేరైతే నావ ముందో వెనకో చేరుతుంది. ఇక్కడ అలా కాదు. రెండు దారుల్లోనూ పరమాణువు ఒకే వేగంతో వెళ్ళి ఒకే సమయానికి చేరుతుంది. అయినా తేడా ఉంటుంది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళలాగే అమ్మ లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లినదాన్ని పట్టుకెళ్ళేవాడు. ఒకసారి అమ్మా, పక్కింటి పిన్నీ ఒకే పొడవు పట్టీలు చెరొకటి అల్లారు. రెంటినీ అంచు కలిపి కుట్టబోతే పువ్వు ఎదురుగా పువ్వు రాలేదు. పొడవు కొలిస్తే సమానం. గొలుసులు లెక్కపెడితే ఒకరిది ఒకటి ఎక్కువ. విడిగా చూస్తే ఏ పట్టీలోనూ తప్పు లేదు, పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడింది. ఏజెంటు తీసుకోనన్నాడు. ఆ రాత్రి అమ్మ లాంతరు ముందు కూర్చుని మొత్తం విప్పేసింది.

పరమాణువు తరంగం కూడా అంతే. దారి పొడవు మారదు, వేగం మారదు, ఆ పొడవులో పట్టే అలల లెక్క మారుతుంది. పుస్తకం భాషలో చెప్పాలంటే ద్రవ్యవేగాలు రెండున్నాయి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ఒకటి, అల పొడవును నిర్ణయించేది ఇంకొకటి. మామూలు సందర్భాల్లో రెండూ ఒకటే గనక మనం తేడా పాటించం. అయస్కాంత క్షేత్రంలో ద్విధ్రువం కదులుతున్నప్పుడు రెండోదానికి కాస్త అదనంగా చేరుతుంది. వేగాన్ని కదిలించాలంటే బలం కావాలి. అల పొడవును కదిలించడానికి అక్కర్లేదు.

ఎంత కదిలించింది? తులూజ్ వాళ్ళు లిథియం పరమాణువుల్ని సెకనుకు 1065 మీటర్ల వేగంతో పంపారు. లేజరు కాంతితోనే ఆ పుంజాన్ని రెండుగా చీల్చి మళ్ళీ కలిపారు. రెండు దారుల మధ్య దూరం సుమారు 100 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుక మందం. ఆ సందులోకి ఒక పల్చటి లోహపు రేకును దింపారు! లిథియానికి సొంతంగా ద్విధ్రువం లేదు కాబట్టి మీటరుకు 8 లక్షల వోల్టుల విద్యుత్ క్షేత్రంతో దాన్ని సాగదీశారు. అయస్కాంత క్షేత్రం 14 మిల్లీటెస్లాలు. క్షేత్రాలున్న మేర 48 మిల్లీమీటర్లు. ఈ అంకెలు పెట్టి నేను కాగితం మీద గుణిస్తే రెండు దారుల మధ్య 27 మిల్లీరేడియన్ల చిల్లర వచ్చింది. డిగ్రీల్లో ఒకటిన్నర. ఆ 48 మిల్లీమీటర్లలో లిథియం అలలు 90 కోట్ల దాకా పడతాయి. 90 కోట్ల గొలుసుల పట్టీలో తేడా ఒక్క గొలుసులో 230వ వంతు. మా ఏజెంటు చూసినా పట్టుకోలేడు.

కాటా మీద లారీ

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నన్ను పడగొట్టింది సిద్ధాంతం కాదు, కొలత.

పరమాణువుల్ని సాగదీయడానికి పెట్టిన విద్యుత్ క్షేత్రం ఊరుకోదు. అది తన వంతుగా ఫేజును మారుస్తుంది. నా లెక్కలో ఒక్కో దారిలో సుమారు 370 రేడియన్లు. మనకు కావలసింది ఒక్కో దారిలో 14 మిల్లీరేడియన్లు కూడా లేదు. సుమారు 27 వేల రెట్ల తేడా. వడ్ల మిల్లు దగ్గర లారీ కాటా చూసినవాళ్ళకు చెబితే తెలుస్తుంది. 27 టన్నుల లారీని కాటా మీదికెక్కించి, అందులో డ్రైవరు సీటు వెనక దాచిన కిలో బియ్యం సంచిని బరువు కట్టడం లాంటిది ఇది. ఏ కాటా చెబుతుంది?

వాళ్ళు లారీని తూచలేదు. రెండు లారీల్ని త్రాసుకు చెరో పక్కనా పెట్టారు. మధ్యలో దింపిన ఆ రేకు ఉంది చూశారూ, దానికి ఒక పక్క విద్యుత్ క్షేత్రం అటు, ఇంకో పక్క ఇటు. క్షేత్రం దిశ మారినా విద్యుత్ క్షేత్రం ఒక్కటే తెచ్చే మార్పు మారదు, ఎందుకంటే అది క్షేత్రం వర్గం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఆ 370లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ద్విధ్రువం మాత్రం దిశతో పాటు తిరగబడుతుంది కనక మన చిల్లర రెండింతలవుతుంది. రెండు పక్కలా పలకలు అచ్చం ఒకేలా చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని వోల్టేజీల్ని కొద్దికొద్దిగా సర్దుతూ త్రాసు ముల్లును మధ్యకు తెచ్చుకున్నారు. తర్వాత విద్యుత్ క్షేత్రం ఒక్కటే పెట్టి చూశారు, అయస్కాంతం ఒక్కటే పెట్టి చూశారు, రెండూ కలిపి చూశారు. కలిపినప్పుడు వచ్చినదాంట్లోంచి విడివిడిగా వచ్చినవి తీసేస్తే మిగిలేది ఒంటరిగా ఏ క్షేత్రమూ ఇవ్వలేనిది.

అప్పటికీ చేయి కడుక్కుని కూర్చోలేదు. లిథియం పరమాణువే ఒక చిన్న అయస్కాంతం. దానివల్ల దొంగ తేడాలు చొరబడుతున్నాయి. అందుకని 2013లో మళ్ళీ చేశారు, ఈసారి పరమాణువులన్నిటినీ లేజరుతో ఒకే అయస్కాంత స్థితిలోకి తోలి. దొంగ తేడాలు బాగా తగ్గాయి. వేగం మార్చి కూడా చూశారు. వేగం పెరిగితే అదనపు ప్రభావం పెరగాలి, కానీ క్షేత్రంలో గడిపే సమయం అంతే తగ్గుతుంది. కాబట్టి ఫేజు మారకూడదు. మారలేదు.

మా ల్యాబులో పిల్లలు ఓమ్ నియమం ప్రయోగంలో మూడో రీడింగు వచ్చేసరికి మొదటి రెండిటి సగటు వేసేసి రికార్డులో రాసేస్తారు. నేను చూసీ చూడనట్టు సంతకం పెడతాను. ఈ కాగితాలు చదివిన వారం మాత్రం పెట్టలేకపోయాను.

అయినా నసిగే అనుమానాలు

పంటు నరసాపురం రేవుకు చేరుతుండగా ఆ అమ్మాయితో అన్నాను, "అయితే నువ్వు రాసిందే కరెక్టన్నమాట. అర మార్కు ఇచ్చేస్తాను తీసుకో." తను తల అడ్డంగా ఊపింది.

"నేను రాసిందీ సగమేనండీ. టార్కు వల్ల ఏదో జరుగుతుందన్నాను కదా. ఈ ప్రయోగంలో ద్విధ్రువం సరిగ్గా టార్కు కూడా సున్నా అయ్యే దిక్కులోనే ఉంటుంది. ఆ దిక్కులోనే ఫేజు అన్నిటికన్నా ఎక్కువ. మీరు అర మార్కు కోయడం న్యాయమే మాస్టారూ, కోసిన కారణమే రాంగు."

ఇంటికెళ్ళి వెక్టర్లు గీసుకుని చూశాను. నిజమే. కదులుతున్న పరమాణువుకు అయస్కాంత క్షేత్రం, ఆ పరమాణువు ప్రయాణించే దిశకూ, ఆ క్షేత్రానికీ కూడా లంబంగా చిన్న విద్యుత్ క్షేత్రంలా తగులుతుంది, మీటరుకు 15 వోల్టులు. ద్విధ్రువం ఆ దిక్కునే పడుకుని ఉంది. తిప్పడానికేం లేదు.

ఇక్కడే మా స్టాఫ్ రూంలో ఒకాయన అడ్డం తగిలాడు. "అంటే ఏముందండీ, 8 లక్షల వోల్టులకి ఇంకో 15 కలిసింది. వర్గం కడితే మధ్యలో ఒక పదం వస్తుంది. దానికి ముగ్గురి పేర్లు పెట్టాలా?" ఆ మాటకు రెండు రోజులు జవాబు దొరకలేదు. దొరికాక చూస్తే ఆయనదీ తప్పు కాదు. సాగదీసి తెచ్చుకున్న ద్విధ్రువానికి ఆ మధ్య పదమే ఈ ఫేజు. కాకపోతే వేగంతో సంబంధం లేకుండా, క్షేత్రాల్లో దాటిన దూరం మీదే ఆధారపడడం ఆ ఒక్క పదానికే ఉంది, మిగతా రెండిటికీ లేదు.

పేరు దగ్గర నాకూ కొంచెం అభ్యంతరం ఉంది. దీన్ని టోపోలాజికల్ ఫేజు అంటున్నారు. ఆహరోనోవ్–బోమ్ ప్రయోగంలో ఎలక్ట్రాను క్షేత్రం లేని చోట నడుస్తుంది, దారి ఎటు వంగినా ఫేజు మారదు, చుట్టిందా లేదా అన్నదే లెక్క. తులూజ్‌లో పరమాణువు రెండు క్షేత్రాల నడిమధ్య మునిగి ఈదుతోంది. దాన్నీ దీన్నీ ఒకే బుట్టలో వేయడం నాకు నచ్చలేదు. అంత పెద్ద పేరు లేకపోయినా దీని విలువ తగ్గదు.

ఇంకో వాదం కూడా ఉంది. టిమోతీ బోయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆహరోనోవ్–బోమ్ లాంటి వాటిలో మనకు తెలియని చిన్న బలం పనిచేసి ఒక దారిలో కణాన్ని కాస్త వెనకపడేలా చేస్తుందని ఏళ్ళ తరబడి వాదించాడు. అది నిజమైతే నా వ్యాసం మూసేయాలి. 2007లో నెబ్రాస్కాలో ఎలక్ట్రాన్ల జల్లుల్ని తీగచుట్ట పక్కనుంచి పంపి, ఎంత ఆలస్యమవుతోందో గడియారం కట్టి చూశారు. ఆలస్యం కనిపించలేదు. అది ఎలక్ట్రాన్ల సంగతి, ద్విధ్రువాలది కాదు. అయినా నేను మాత్రం బలం లేదన్న పక్కకే మొగ్గుతున్నాను.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ పీడించిన అనుమానం ఫిజిక్సుది కాదు. ఏటా అంతర్వేది తీర్థంలో అయస్కాంతం కడియాలు అమ్మే దుకాణం ఒకటి వెలుస్తుంది. కీళ్ళనొప్పులు పోతాయంటాడు. మా క్లాసు పిల్లల్ని తీసుకెళ్ళి "బలం ఎంత? దేని మీద? చూపించమనండి" అని అడిగించేవాణ్ణి. రేపు అదే పిల్లలకు నేను "బలం లేకుండా కూడా ప్రభావం ఉండొచ్చు" అని చెబితే, దుకాణం వాడికి నా చేతులతో నేనే బోర్డు రాసిచ్చినట్టు కాదా? చాలా ఆలోచించాను. 14 మిల్లీటెస్లాల దగ్గర, గాలి కూడా లేని గొట్టంలో, తరంగాన్ని రెండుగా చీల్చి మళ్ళీ కలిపితేనే బయటపడే ఒకటిన్నర డిగ్రీ ఇది. కలపకపోతే తెలియనే తెలియదు. కడియం వాడు ఏది చీల్చాడు, ఏది కలిపాడు? ఈ ప్రశ్న పాతదానికన్నా పదునైనదే. కానీ ఇంటర్ పిల్లాడు నాలో సగం వాక్యమే ఇంటికి పట్టుకెళ్తాడన్న భయం పోలేదు.

"ఇదంతా ఎంసెట్‌లో రాదు కదండీ" అని కూడా అన్నారు. రాదు. అందుకని సిలబస్సులో పెట్టమని నేను అడగడం లేదు. ఒక్క వాక్యం చివర పెట్టే ఫుల్‌స్టాప్ గురించే నా గొడవ. "ఫలిత బలం సున్నా" దగ్గర ఆగుదాం. "కాబట్టి" అని మొదలుపెట్టొద్దు.

మొన్న అదే ప్రశ్న స్లిప్ టెస్టులో మళ్ళీ ఇచ్చాను, అక్షరం మార్చకుండా. అందరూ సున్నా అని రాశారు. కారణాలూ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కడు మాత్రం కారణం జోలికే పోకుండా, "సున్నా. కానీ ఏదో జరుగుతుందని మీరే అన్నారు కదండీ" అని రాసి సంతకం పెట్టినట్టు కింద గీత గీశాడు. మిగతా పేపర్లన్నీ దిద్దేశాను. వాడిది ఇంకా బల్ల మీదే ఉంది, పక్కన ఎర్ర పెన్ను.